బెల్టు జారిన వానాకాలం

ఆమె మా కంట్రోల్ రూమ్‌లోకి మొదటిసారి వచ్చిన రోజు ఎక్కడ కూర్చోమనాలో నాకు తోచలేదు. గదిలో ఖాళీగా ఉన్నది ఒక్కటే కుర్చీ. షిఫ్టు మారే వేళ ఆమె భర్త వచ్చి, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని, నాతో నాలుగు మాటలు మాట్లాడి వెళ్లే కుర్చీ అది. ఆయన పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నేను లేచి నా కుర్చీ ఆమెకిచ్చి, వెళ్లి అందులో కూర్చున్నాను. ఎందుకలా చేశానో ఆమెకు అర్థం కాలేదు.

మాది కొండపల్లి దాటాక పెద్ద రోడ్డుకు లోపలగా ఉన్న సిమెంటు ఫ్యాక్టరీ. వ్యాగన్లలో వచ్చిన ముడిసరుకును యార్డులో కుప్పలు పోసి, అక్కణ్ణుంచి రబ్బరు బెల్టుల మీద పైకెక్కించి మిల్లు తొట్టిలో పోస్తారు. ఆ బెల్టులనూ మిల్లునూ నడపడం, ఆపడం అంతా కంట్రోల్ రూమ్‌లో కంప్యూటర్ల ముందు కూర్చునే చేస్తాం. నడుస్తున్న బెల్టు తెర మీద పచ్చగా కనిపిస్తుంది, ఆగితే ఎర్రగా మారుతుంది. నా ఉద్యోగ జీవితమంతా ఆ పచ్చటి గీతల్ని చూస్తూనే గడిచింది.

ఆయన మెకానికల్ విభాగంలో సూపర్‌వైజర్. ఫ్యాక్టరీలో ఉన్న బెల్టులన్నీ ఆయన చూసుకునేవారు. భవానీపురంలో మా వీధి వెనకే వాళ్ల ఇల్లు. ఒకే షిఫ్టు పడినప్పుడు ఇద్దరం ఒకే చోట కంపెనీ బస్సెక్కేవాళ్లం. నాకు ఆలస్యమైతే డ్రైవర్ని బతిమాలి బస్సు ఆపించేవారు. ఆదివారం చర్చికి వెళ్లొచ్చిన మర్నాడు ఏదో ఒక పాట సన్నగా కూనిరాగం తీస్తూ కిటికీలోంచి చూస్తుండేవారు. నేను గమనించానని తెలిస్తే ఆపేసేవారు. పెద్దగా మాటకారి కాదు. బెల్టుల గురించి అడిగితే మాత్రం కొండపల్లి వచ్చేదాకా చెప్పేవారు.

అంత జాగ్రత్త గల మనిషిని నేను చూడలేదు. మెడలో తువ్వాలు వేసుకుని బెల్టు దగ్గరికి వచ్చిన కూలీని అక్కడికక్కడే వెనక్కి పంపేవారు. చొక్కా చేతులు మణికట్టు దగ్గర బొత్తాం పెట్టుకుని గానీ షెడ్డులో అడుగుపెట్టేవారు కాదు. తిరిగే పుల్లీకి అడ్డంగా బిగించే ఇనప జాలీ ఒక్క బోల్టు వదులుగా ఉన్నా, అది బిగించేదాకా బెల్టు నడపనిచ్చేవారు కాదు. అందుకనే ఆ కబురు విన్నప్పుడు నేను మొదట నమ్మలేదు. పోయింది ఇంకెవరో అయ్యుంటారనీ, ఫోన్ చేసినవాళ్లు కంగారులో పేరు తప్పు చెప్పారనీ అనుకున్నాను.

ఆ ఏడు వానలు ముందే మొదలయ్యాయి. యార్డు నుంచి మిల్లుకు ఎక్కే పెద్ద బెల్టు జారడం మొదలుపెట్టింది. ఆ బెల్టును లాగే పుల్లీ మీద రబ్బరు తొడుగు ఒకటుంటుంది. దాని మీద గాడులు కోసి ఉంటాయి. బెల్టుకు పట్టు దొరికేది ఆ తొడుగు వల్లనే. అది అరిగి నున్నగా అయిపోయింది. మార్చాలని ఆయన చాలాకాలంగా అడుగుతున్నారు. మార్చాలంటే రెండు మూడు రోజులు బెల్టు ఆపాలి. ఆపితే మిల్లు ఆగుతుంది. సరుకు పంపాల్సిన ఒత్తిడి ఎప్పుడూ ఉండేదే కాబట్టి, ఈ నెల కానిచ్చి చూద్దాం అనేవారు పైవాళ్లు. ఎండాకాలం అలాగే గడిచిపోయింది.

ఆ రోజు నాది పొద్దుటి షిఫ్టు. తెల్లవారుజాము నుంచీ వాన. తడిసిన సరుకు బెల్టు మీద ముద్దలుగా పడుతోంది. బెల్టు లోపలి వైపు కూడా నీళ్లూ బురదా చేరి, పుల్లీ తిరుగుతున్నా బెల్టు కదలక నిలబడిపోయేది. కాసేపటికి దానంతటదే ఆగి తెర మీద ఎర్రగా అయ్యేది. కిందవాళ్లు నీళ్లు తుడిచి, కొంత సరుకు పారలతో దింపేస్తే మళ్లీ నడిచేది. మధ్యాహ్నం షిఫ్టుకి ఆయన వచ్చారు. తల మీంచి నీళ్లు కారుతుంటే కుర్చీ అంచున కూర్చుని, ఈ వారం ఎలాగైనా తొడుగు మార్చడానికి బెల్టు ఆపుతామన్నారని చెప్పారు. సంతోషంగానే ఉన్నారు. ఊరి నుంచి తెచ్చిన నేరేడు పళ్లు ఒక సంచిలో పోసి నా బల్ల మీద పెట్టారు. పురుగులుంటాయేమో, ఉప్పునీళ్లలో వేసి తినండి అన్నారు. అవే నేను విన్న ఆఖరి మాటలు.

ఇంటికొచ్చి, చీకటిపడ్డాక ఆ పళ్లను ఉప్పునీళ్లలో వేసి కడుగుతుండగానే ఫోన్ వచ్చింది. అంబులెన్సు గొల్లపూడి దాటకముందే ప్రాణం పోయిందట.

జరిగింది మర్నాడు తెలిసింది. సాయంత్రం వేళ బెల్టు మళ్లీ జారింది. మిల్లు తొట్టిలో సరుకు అడుగంటింది. బురద లాగడానికి పుల్లీ దగ్గరి జాలీ ఒక పక్క విప్పి ఉంది. ఆయన పక్కనున్న మనిషిని నీళ్లు తుడిచే గుడ్డలు తెమ్మని పంపారు. ఆ మనిషి తిరిగొచ్చేసరికి ఆయన విప్పిన జాలీ సందులో నిలబడి, గుప్పెటతో గుగ్గిలం పొడి తీసి, తిరుగుతున్న పుల్లీకీ బెల్టుకీ మధ్య చల్లుతున్నారు. గుగ్గిలం పడితే జారే బెల్టు పట్టుకుంటుంది. అది అక్కడ అందరికీ తెలుసు. అలా చల్లకూడదన్న సంగతీ అందరికీ తెలుసు. ఆయన చల్లుతుండగానే బెల్టు ఒక్కసారిగా పట్టు దొరికి కదిలింది. తడిసిన చొక్కా చెయ్యి దానితో పాటు వెళ్లింది. ప్రమాదమైతే లాగడానికి బెల్టు పక్కనే కట్టి ఉంచే తాడు లాగి ఆ మనిషి బెల్టు ఆపాడు. ఆపడంలో ఆలస్యం చేయలేదు. అయినా ఫలితం లేకపోయింది.

ఖననం వాళ్ల ఊళ్లో జరిగింది. హనుమాన్ జంక్షన్ నుంచి లోపలికి వెళ్లాలి. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ ఆయన తండ్రి పెట్టె పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. కుడి వైపంతా తెల్లగుడ్డ కప్పేశారు. ఆ పెద్దాయన మాటిమాటికీ వంగి, గుడ్డ కింద కొడుకు చెయ్యి కోసం వెతికేవారు. ఎవరో ఒకరు ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా వెనక్కి తీసేవారు. కాసేపటికి మళ్లీ వంగేవారు. నేను అది చూడలేక బయటికొచ్చి రోడ్డు మీద నిలబడ్డాను.

కంపెనీ విచారణ చేయించి, నడుస్తున్న యంత్రం దగ్గరికి చెయ్యి పెట్టడం ఆయన చేసిన పొరపాటేనని తేల్చింది. ఆయన పోయిన వారంలోనే పుల్లీకి కొత్త తొడుగు వచ్చింది. కొన్ని నెలలకు ఆయన భార్యకు ఉద్యోగం ఇచ్చారు. ఆమె అప్పటిదాకా భవానీపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు. ఇంటర్ చదువుతున్న ఒక కూతురు. ఆఫీసులో నీడపట్టున కూర్చునే పని ఇస్తామన్నా ఆమె వద్దని కంట్రోల్ రూమ్ అడిగిందని నాకు తెలిసింది. నేర్పాల్సింది నేనే.

మొదటి రోజుల్లో ఆమె నన్ను మేడమ్ అనేది. చెప్పింది చెప్పినట్టు వినేది. నేను మిల్లు గురించి చెప్పాను, సరుకు నిల్వ చేసే బంకర్ల గురించి, ఫ్యాన్ల గురించి చెప్పాను. బెల్టుల దగ్గరికొచ్చేసరికి ఏదో ఒక పని పెట్టుకుని లేచేదాన్ని. మిగతావాళ్లూ అంతే. ఆమె గదిలో ఉన్నంతసేపూ ఆ పెద్ద బెల్టు పేరెత్తేవారు కాదు. అది ఆగితే తెర మీద చూపించి సైగ చేసుకునేవాళ్లు. అలా ఎన్నాళ్లు నడుస్తుందిలే అనుకునేదాన్ని. ఎక్కువ రోజులు నడవలేదు.

ఒక రోజు భోజనాలయ్యాక గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఆమె తెర వైపు చూస్తూ మామూలు గొంతుతో, "వీటిలో ఏది మేడమ్?" అంది.

దేని గురించని నేను అడగలేదు. లేచి వెళ్లి వేలు పెట్టి చూపించాను. ఆమె చాలాసేపు దాన్నే చూసింది. పచ్చగా ఉంది, నడుస్తోంది.

"బెల్టు జారడం అంటే ఏమిటో చెప్పండి. అందరూ జారింది జారింది అన్నారు. ఆయన పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో కూడా అదే మాటన్నారు. ఎటు జారింది? కిందపడిందా?"

ఆమె సైన్సు టీచరు. అయినా అంతకాలం ఆమె మనసులో బెల్టంటే ఊడి మీదపడిన ఒక పెద్ద పట్టీ మాత్రమేనని నాకప్పుడు అర్థమైంది. ఎవరూ చెప్పలేదు. చెప్పమని ఆమె ఎవర్నీ అడగలేకపోయింది.

బల్ల మీద నా స్టీలు మంచినీళ్ల సీసా ఉంది. ఆమె చున్నీ కొస తీసుకుని సీసా చుట్టూ తిప్పి, రెండు కొసలూ ఆమె చేతికే ఇచ్చి బిగించి పట్టుకోమన్నాను. సీసాను తిప్పితే చున్నీ దానితో పాటు లాక్కుపోయింది. బెల్టుకు పళ్లుండవు, గొలుసుండదు, పుల్లీని కరుచుకుని ఉండబట్టే కదులుతుందని చెప్పాను. కొసలు వదులు చేయమన్నాను. సీసా తిరిగింది, చున్నీ నిలబడిపోయింది. తర్వాత సీసా మీద నీళ్లు పోసి మళ్లీ బిగించమన్నాను. ఈసారి గట్టిగా పట్టుకున్నా సీసా ఒట్టిగా తిరిగింది. జారడమంటే ఇదేనన్నాను. పుల్లీ తిరుగుతుంటుంది, బెల్టు రాదు. బెల్టును బిగించి ఉంచడానికి ఒక పెద్ద బరువు వేలాడదీస్తారనీ, పుల్లీకి గాడుల తొడుగు వేస్తారనీ, నీళ్లు ఆ గాడుల్లోంచి పోవాలనీ, గాడులు అరిగిపోతే పోయే దారి ఉండదనీ, ఆ రోజు పట్టు కోసం గుగ్గిలం పొడి చల్లారనీ ఒక్కొక్కటే చెప్పాను.

ఆమె తడిసిన చున్నీ పిండుకుంటూ, "ఇది నేను తొమ్మిదో తరగతి పిల్లలకి చెప్పే పాఠమే" అంది. తర్వాత మొహం పక్కకు తిప్పుకుంది. నేను తెర వైపు చూస్తూ కూర్చున్నాను.

కొన్నాళ్లకు మరమ్మతుల కోసం ఆ బెల్టు ఆపిన రోజున, తనను అక్కడికి తీసుకెళ్లమని అడిగింది. సేఫ్టీ వాళ్ల అనుమతి తీసుకుని, హెల్మెట్ పెట్టించి, పైన మోటారూ పుల్లీ ఉండే డ్రైవ్ షెడ్డుకు మెట్ల మీదుగా తీసుకెళ్లాను. అక్కణ్ణుంచి కొండపల్లి కొండలు కనిపిస్తాయి. ఆమె అటు చూడలేదు. జాలీ విప్పి ఉంది. ఆమె వంగి, ఆగి ఉన్న పుల్లీని అరచేత్తో ముట్టుకుంది. కొత్త తొడుగులో గాడుల మధ్య చిన్న చిన్న పింగాణీ బిళ్లలు పొదిగి ఉన్నాయి. వేళ్లు వాటి మీద గరగరలాడుతూ కదిలాయి.

"ఇది అప్పుడే ఉండుంటే?"

"జారేది కాదు" అన్నాను.

"ఆయన్ని ఆ పొడి చల్లమని ఎవరు చెప్పారక్కా?"

నన్ను అక్కా అని పిలవడం అదే మొదలు. ఆ ప్రశ్న వెనక ఏముందో నాకు తెలుసు. ఎవరో పై ఆఫీసరు బలవంతపెట్టి చేయించాడని ఆమె పుట్టింటివాళ్లంతా అనుకుంటున్నారు. ఆమె అన్న కేసు వేద్దామంటున్నాడు. నిజమేమిటో తేలేదాకా ఆగమని ఆమే ఆపింది. ఆ రోజు డ్యూటీలో ఉన్న అందరినీ నేను విడివిడిగా అడిగి ఉన్నాను. సరుకు కావాలని పైనుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి, అది నిజం. కానీ పొడి చల్లమని ఎవరూ అనలేదు. ఆ మాట అనే ధైర్యం కూడా ఎవరికీ లేదు. ఎందుకంటే ఎవరో తెచ్చి దాచుకున్న గుగ్గిలం సంచి షెడ్డులో కనిపిస్తే తిట్టి బయట పారబోయించింది ఆయనే.

ఆమెకు నచ్చే సమాధానం ఒకటి నా నాలుక చివర ఉంది. చెప్పలేకపోయాను.

"ఎవరూ చెప్పలేదమ్మా. ఆయనే చల్లారు."

ఆమె తల ఊపింది. మెట్లు దిగింది. బస్సులో ఇంటికెళ్తున్నప్పుడు మాత్రం, రోడ్డు చూస్తూ, తనలో తను అనుకుంటున్నట్టుగా మాట్లాడింది. బయటికెళ్లేటప్పుడు ఇంటి తాళం వేసి, మళ్లీ వెనక్కొచ్చి లాగి చూసేవారట. పడుకునే ముందు గ్యాస్ కట్టేశావా అని అడిగి, కట్టేశానన్నా లేచెళ్లి చూసేవారట. కూతురు స్కూటీ నేర్చుకుంటానంటే ఇంకో ఏడాది ఆగమన్నారట. అలాంటి మనిషి తెలిసి తెలిసి ఆ చెయ్యి ఎలా పెట్టారు అంది.

"ఇన్నాళ్లూ ఎవరి మీదో కోపం పెట్టుకుని బతికానక్కా. ఇప్పుడు ఆయన మీదే వస్తోంది. పోయినాయన మీద కోపం తెచ్చుకుని ఏం చేసుకోను?"

ఆ తర్వాత చాలా రోజులు ఆమె ముభావంగా ఉండేది. పని మాత్రం శ్రద్ధగా చేసేది. కేసు వద్దని అన్నతో చెప్పేసింది. ఆదివారాలు చర్చికి వెళ్లడం మానేసిందని ఆమె కూతురు ఒకసారి మా ఇంటికొచ్చి చెప్పి బాధపడింది.

చలికాలం మొదలవుతుండగా ఆమె మామగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. కొడుకుతో పనిచేసినవాళ్లు ఎవరైనా ఒకసారి వచ్చి కనపడితే బాగుండునని అడిగారట. నన్ను రమ్మంది. ఒక సెలవు రోజు పొద్దున్నే బయల్దేరి, హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి, ఆటోలో ఆ ఊరు వెళ్లాం. రోడ్డుకు రెండు పక్కలా కోతలకొచ్చిన వరి. పెద్దాయన కూతురి దగ్గర ఉంటున్నారు. వాళ్ల ఇంటికి ఎదురుగా, తలుపులు పడిపోయిన పాత రైసు మిల్లు ఒకటుంది.

పెద్దాయన మమ్మల్ని వసారాలో కూర్చోబెట్టారు. కొడుకు బస్సులో ఎక్కడ కూర్చునేవాడు, ఏం తినేవాడు, పనివాళ్లు వాడి మాట వినేవారా అని నన్ను అడిగారు. నాకు గుర్తున్నవన్నీ చెప్పాను. కూనిరాగాల సంగతి చెబితే నవ్వారు. వాళ్లమ్మకూ అదే అలవాటమ్మా అన్నారు. కూతురు టీలు తెచ్చిచ్చి లోపలికెళ్లింది.

అప్పుడు ఆయన ఎదురుగా ఉన్న మిల్లు చూపించారు. తను ఆ మిల్లులోనే మెకానిక్‌గా పనిచేశారట. అప్పట్లో ఒకే మోటారు మీద పెద్ద ఇరుసు తిరిగేది, ఇరుసు మీంచి ఒక్కో యంత్రానికీ ఒక్కో పట్టా బెల్టు దిగేది. ఆ పొడుగాటి బెల్టులు వానాకాలంలో చెమ్మగిలి జారిపోయేవని చెప్పారు. ఆమె చేతిలో టీ గ్లాసు కదలకుండా ఆగిపోయింది.

ఆయన మాత్రం ఉత్సాహంగా చెప్పుకుపోతున్నారు. "బెల్టు జారిందంటే ఎవడో ఒకడు ఎళ్లి గుగ్గిలం కొట్టాలమ్మా. ఎక్కువైతే బెల్టు తెగుద్ది, తక్కువైతే పట్టదు. మావాడు డిప్లొమా చదివేటప్పుడు సెలవులకొచ్చి నా దగ్గరే ఉండేవోడు. నేనే నేర్పా. వాడి చెయ్యి మంచిది. ఇట్టా వేళ్ల సందునుంచి సన్నగా వదిలేవోడు. ఒక్క గుప్పెడు చాలు, బెల్టు పట్టేసేది. వోనరుగారు కూడా మీవాణ్ణి పిలవవయ్యా అనేవోరు."

అని, కుడిచెయ్యి గాల్లోకి చాపి, వేళ్లు కదిలిస్తూ చూపించారు.

నేను ఆమె వైపు చూడలేకపోయాను. ఇంతకాలం మాకు అంతుపట్టని సంగతి ఆ ముసలి చేతి కదలికలో ఉంది. ఫ్యాక్టరీలో వచ్చిన జాగ్రత్తలన్నీ ఆమె భర్త పెద్దయ్యాక నేర్చుకున్నవి. అంతకంటే ముందే, ఆ వయసులో తండ్రి మెప్పు కోసం నేర్చుకున్నది వేరే ఉంది. వానలో బెల్టు జారుతుంటే, పక్కన మనిషి లేనప్పుడు, ఆ చెయ్యి దానంతటదే లేచి ఉంటుంది. ఇది నా ఊహే. కానీ ఆ వసారాలో అంతకంటే నిజం ఇంకొకటి ఉంటుందనిపించలేదు.

పెద్దాయన చెయ్యి దించారు. గొంతు మారింది. "అమ్మాయ్, ఇన్నాళ్లూ నిన్ను అడగలా. అడిగితే ఏడుస్తావని ఊరుకున్నా. అసలు ఎట్టా జరిగిందమ్మా?"

ఇంటికి పెద్ద, కొడుకు పోయిన తండ్రి అడుగుతున్నాడు. ఎవరెంత దాచినా ఒప్పుకోక, మెట్లెక్కి వెళ్లి పుల్లీని చేత్తో తడిమి, నాతో నిజం చెప్పించుకున్న మనిషి ఆమె.

ఆమె గ్లాసు కిందపెట్టి, ఆయనకు దగ్గరగా జరిగి కూర్చుంది.

"నీళ్లలో కాలు జారింది మావయ్యా. పక్కనే బెల్టు ఉంది, దాని మీద పడ్డారు. అంతే."

"వాడు ఏ పనీ చెయ్యట్లేదా అప్పుడు?"

"లేదు మావయ్యా. నడిచి వస్తున్నారంతే."

ఆయన నా వైపు చూశారు. ఆ చూపు తప్పించుకోవడం కుదరలేదు. అవునండీ అన్నాను. ఆయన తల పంకించి, కండువాతో మొహం తుడుచుకుని, చాలాసేపు మిల్లు వైపు చూస్తూ ఉండిపోయారు. తర్వాత భోజనాలకు లేవమన్నారు. ఆయన మాత్రం సరిగ్గా తినలేదు.

తిరుగు ప్రయాణంలో గన్నవరం దాటేదాకా ఆమె కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది. తర్వాత నా భుజానికి తల ఆనించి ఏడ్చింది. అంతకుముందు ఆమె ఏడవగా నేను చూడలేదు. బస్సులో ఒకరిద్దరు తిరిగి చూశారు. ఆమె పట్టించుకోలేదు. ఆయన మీద కోపం ఇంక లేదక్కా అని మాత్రం అంది. రామవరప్పాడు దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయినప్పుడు కళ్లు తుడుచుకుని, కూతురికి ఫోన్ చేసి అన్నం వండి ఉంచమని చెప్పింది.

ఆ ఆదివారం ఆమె చర్చికి వెళ్లింది. తర్వాత నెలకోసారి మామగారి దగ్గరికి వెళ్లొచ్చేది. ఒక సంగతి మాత్రం ఆమెను తొలిచేది. మేం వెళ్లొచ్చిన రోజు నుంచీ ఆ పెద్దాయన మిల్లు ఊసెత్తడం మానేశారట. అంతకుముందు ఎవరొచ్చినా ఆ కబుర్లే చెప్పేవారు. కుర్చీ కూడా వసారాలోంచి తీయించి, పెరటి వైపు వేయించుకున్నారట. ఎండ పడుతోందని అన్నారట. ఆ వసారాలోకి అసలు ఎండే రాదని ఆడపడుచు చెప్పిందట.

ఉద్యోగంలో ఆమె స్థిరపడింది. మరుసటి వానాకాలానికి ఒక షిఫ్టు తనే చూసుకునేంత పని వచ్చింది. ఒకసారి ఇంకో చిన్న బెల్టు జారితే ఆపేసి, పుల్లీ ఆరబెట్టి జాలీ బిగించామని కిందివాళ్లు చెప్పేదాకా మళ్లీ నడపలేదు. ఫోన్‌లో ఎవరో విసుక్కున్నారు. సరేనండీ, ఆరనివ్వండి అని మెల్లగా చెప్పి ఫోన్ పెట్టేసింది. దాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు. ఆమె కూడా.

ఆ మరుసటి ఏడు పెద్దాయన పోయారు. నిద్రలో పోయారట. ఖననానికి నేనూ వెళ్లాను. కొడుకు పక్కనే చోటు తీశారు. అంతా అయ్యాక, జనం భోజనాలకు వెళ్తుంటే, ఆమె నన్ను పక్కకు పిలిచింది. ఆఖరి రోజుల్లో ఆయన కుడిచెయ్యి తెరిచి పట్టుకుని, తన అరచేతిలోకే చూస్తూ కూర్చునేవారని చెప్పింది. ఏమిటి మావయ్యా అంటే, ఏం లేదమ్మా అనేవారట.

"ఆయనకి తెలిసిపోయిందంటావా అక్కా?"

"తెలీదమ్మా" అన్నాను.

"నేను చెప్పింది అబద్ధమని తనకి తెలిసిపోయినట్టు నాకు తెలిస్తే నేను బాధపడతానని, ఆయన కూడా తెలియనట్టే ఉండిపోయారేమోనని అనిపిస్తుంది."

అలా కాదని చెప్పాలనిపించింది. ఇంతలో ఆమె కూతురు వచ్చి, అందరూ ఎదురుచూస్తున్నారు రమ్మని పిలిచింది. ఆమె చెంగుతో కళ్లద్దుకుని, వచ్చినవాళ్లకు వడ్డన ఎలా జరుగుతోందో చూడటానికి వెళ్లిపోయింది.